మైకు మామ ఒప్పుకున్నాడట

ఆ కూరగాయల టోకు మార్కెట్లో వేలం పాడించే మనిషికి మైకు ఎన్నడూ అవసరం కాలేదు. అందుకని అతనికే మైకు అని పేరు పెట్టారు. హమాలీల నోట పుట్టిన ఆ పేరు వ్యాపారులకు పాకింది, వాళ్ల నుంచి రైతులకు పాకింది, చివరికి కట్టుకున్న భార్య కూడా "మైకుగారికి ఇవాళ కూర నచ్చినట్టు లేదు" అని ఎత్తిపొడిచే దాకా వచ్చింది. వయసు పైబడ్డాక పేరు చివర మామ చేరింది. ఆ గొంతు ఎలా పోయిందో, పోయాక ఎవరి ఆస్తి అయిందో నమోదు కావాలి. చేయవలసినవాళ్లు చేయలేదు కాబట్టి ఇక్కడ చేస్తున్నాం.

మీసాలు రాని వయసులో బుట్టలు మోయడానికి అతను ఆ షెడ్డులోకి వచ్చాడు. ఒక తెల్లవారుజామున వేలంపాట పాడించే పెద్దాయనకు గొంతు పట్టేసింది. లారీలు ఆగిపోయాయి, టమాటా మెత్తబడుతోంది. కుర్రవాడు మోస్తున్న బుట్ట దించి అరుగెక్కాడు. మళ్లీ బుట్ట ఎత్తలేదు. ధర పలకడమే ఆ పని అనుకుంటారు చూడనివాళ్లు. కాదు. దించేసిన చెయ్యిని ఇంకొక్కసారి ఎత్తించడం ఆ పని. "ఏం బావా, చెయ్యి జేబులో ఇరుక్కుందా? వచ్చి లాగమంటావా?" అనేవాడు. షెడ్డంతా నవ్వేది. నవ్వులపాలైన బావ పరువు కోసం మరో రూపాయి పెంచేవాడు. ఆ రూపాయి రైతుకు పోయేది. తాపీమేస్త్రీకి తాపీ ఎలాగో అతనికి ఎత్తిపొడుపు అలాగ. మాట పడ్డవాళ్లెవరూ కక్ష కట్టలేదు. పైగా ఒకరోజు ఏమీ అనకపోతే, అలిగావా మామా అని అడిగేవారు.

భార్యది అదే షెడ్డు, అవతలి కొసన కాటా. లారీల హారన్ల మధ్య అతనెంత గొంతెత్తినా ఆ కొసకు మాట ముక్కలుగానే చేరేది. ఆమె అతని పెదవులు చూసి ధర తెలుసుకుని తూకం వేసేది. సంబంధం కూడా అక్కడే కుదిరింది. పెళ్లికి ముందు తాను చూసింది ఆయన నోరొక్కటేనని, మిగతాది తర్వాత చూసి మోసపోయానని ఇప్పటికీ అంటుంది.

గొంతు బొంగురుపోవడం మొదలైనప్పుడు మార్కెట్ దుమ్మన్నారు. దుమ్ము కాదు, క్యాన్సర్. సర్జన్ స్వరపేటిక మొత్తం తీసేసి, ఊపిరి కోసం మెడ ముందు భాగాన ఒక రంధ్రం మిగిల్చాడు. ప్రాణం దక్కింది. పెదవులూ నాలుకా మునుపటిలాగే కదిలేవి. శబ్దం మాత్రం ఉండేది కాదు. చదువు సంతకం దగ్గరే ఆగిన మనిషి, రాసి చెప్పే దారీ లేదు. ఇక అతని మాట లోకంలో తెలిసేది ఒక్కరికే, ఆ కాటా దగ్గరి మనిషికి.

అప్పుడు పరిశోధన బృందం కబురు పెట్టింది. ఆసుపత్రి వెనక భవనంలో, ఏసీ నీళ్లు కారే ఒక గదిలో, మూడు శాస్త్రాలు ఒక బల్ల చుట్టూ కూర్చున్నాయి. వైద్యం తరఫున సర్జన్, జంతు పరిణామం తరఫున కోతుల గొంతులు కోసి చూసిన ఒక శాస్త్రవేత్త, మనుషులు కంప్యూటర్లతో మాట్లాడే పద్ధతుల తరఫున ఒక యువ ఇంజనీరు. శాస్త్రవేత్తకు దంపతులిద్దరూ కోతుల మేడమ్ అని పేరు పెట్టుకున్నారు. కోతుల గొంతులో పల్చటి పొర ఒకటి ఉంటుందని, పరిణామ క్రమంలో మనిషి దాన్ని పోగొట్టుకోవడం వల్లే నిలకడైన స్వరం వచ్చిందని అంటారని ఆమె ఓపిగ్గా బొమ్మ గీసి చెప్పింది. మామ పెదవులు కదిపాడు. భార్య వినిపించింది.

"పొర పోతేనే కోతి మనిషైతే, నాకు మొత్తం పోయింది కదా, నేనేమవుతానని అడుగుతున్నాడండీ."

మేడమ్ కంటే ముందే భార్య మొగుడికి చెప్పేసింది. "ఆఫీసరువవుతావులే."

మామ ఒకే ఒక్క షరతు పెట్టాడు. తాను మళ్లీ అరుగెక్కి పాట పాడించాలి. అంతకు మించి తనకేమీ వద్దు. సర్జన్ తప్పకుండా అన్నాడు. మామ మెడకు ఒక పట్టీ కట్టారు. శబ్దం లేకుండా మాట్లాడినప్పుడు కండరాల్లో కలిగే కదలికను అది చదువుతుంది. అది ఏ మాటో కంప్యూటరు పోల్చుకుని స్పీకరులో పలుకుతుంది. గొంతు మామదే. వ్యాపారులు సరదాకి ఫోన్లలో తీసుకున్న పాత వేలంపాటల నుంచి తయారు చేశారు. ఆ గొంతు మొదటిసారి గదిలో మోగినప్పుడు భార్య లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. కాసేపటికి గాని ఇటు తిరగలేదు. తిరిగాక మామ ఆమెను "ఏమే" అని పిలిచాడు. స్పీకరు ఆమెను "మేడమ్" అంది.

ఇది నవ్వులాట కాదని అర్థం కావడానికి కొన్నాళ్లు పట్టింది. కండరాల సంకేతం మసకగా ఉన్నచోట యంత్రం ఊహిస్తుంది. ఎదుటివాళ్లు ఏమడిగారో విని, అలాంటి ప్రశ్నకు మనుషులు సాధారణంగా ఏం జవాబిస్తారో చూసి, ఆ జవాబునే పలుకుతుంది. ఆ సాధారణ జవాబులు అది నేర్చుకున్నది బ్యాంకు కౌంటర్లలోనూ ఆసుపత్రి రిసెప్షన్లలోనూ రికార్డు చేసిన సంభాషణల నుంచి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. వాళ్లు మామకు మంచి నోరు కుట్టిపెట్టారు. ముప్పై ఏళ్ల కాపురంలో దయచేసి అన్న మాట ఎరగని మనిషి మంచినీళ్లకు దయచేసి అంటున్నాడని, ఇంట్లో పరాయి మగాడున్నట్టుందని భార్య మొత్తుకుంది.

అరుగు మీద పరీక్షించిన రోజు సంగతి ఇంకా ఘోరం. వంకాయ ధర ఒకచోట ఆగింది. మామ ఒక వ్యాపారి వైపు తిరిగి, చెయ్యి జేబులో ఇరుక్కుందా అని పెదవులు కదిపాడు. స్పీకరు "మీ సహకారానికి ధన్యవాదాలు" అంది. షెడ్డంతా నవ్వింది. అతని గొంతు విని అతన్ని చూసి షెడ్డు నవ్వడం అదే మొదలు. ధర పెరగలేదు. మామ అరుగు దిగాడు.

ఆ ఊహించడాన్ని తీసెయ్యమని అడగడానికి ఇద్దరూ ఇంజనీరు దగ్గరికి వెళ్లారు. తీసేస్తే చాలా మాటలు తప్పుగా వస్తాయని, ఫలితాలు పడిపోతాయని, పరిశోధన పత్రిక వాళ్లు వ్యాసం తిప్పి పంపుతారని అతను చెప్పాడు. మామ జవాబును భార్య పలికింది: "తప్పో ఒప్పో నాదే పలకనీ." అది కుదరలేదు. ఫలితాలు ఎలా కొలిచారో కూడా ఇక్కడే చెప్పాలి. విన్నవాళ్లను మాట స్పష్టంగా ఉందా, వినసొంపుగా ఉందా అని అడిగారు. ఇది నువ్వన్న మాటేనా అని అన్నవాణ్ణి అడగలేదు. ఆ ప్రశ్న వాళ్ల కొలమానంలోనే లేదు.

ఇంతలో ఒక కంపెనీ దిగింది. మార్కెట్లలో మనిషి లేకుండా వేలం నడిపే యంత్రాలు చేస్తుందట. వాటికి నమ్మకం కలిగించే గొంతు కావాలట. ఈ గొంతును అలా ఇవ్వాలంటే నైతిక పరిశీలన సంఘం ముందు మామ సమ్మతి చెప్పాలి. ఇవ్వకూడదని దంపతులు ఇంట్లోనే తేల్చుకున్నారు. తన గొంతు అరుగెక్కితే తనతోనే ఎక్కాలి. వద్దు అన్న మాటను మామ అద్దం ముందు సాధన చేశాడు.

సంఘం కూర్చున్న గదిలోకి భార్యను రానివ్వలేదు. పరిశోధనలో పాల్గొనే వ్యక్తి మీద కుటుంబం ఒత్తిడి ఉండరాదని, అతని తరఫున మరొకరు మాట్లాడరాదని నియమం. మంచి నియమమే, బలహీనుణ్ణి కాపాడడానికే రాశారు. సంతకం తీసుకుందామని ఒక సభ్యుడు అంటే, అక్కర్లేదు, గొంతుతోనే చెప్పిద్దాం, ఈ పరిశోధన గొప్పతనమే అది కదా అన్నాడు ఇంజనీరు. అందరికీ నచ్చింది.

మామ గొంతును ఈ పనికి వాడుకోవడం సమ్మతమేనా అని అధ్యక్షుడు అడిగాడు. మామ వద్దన్నాడు. యంత్రం ప్రశ్న వింది, అలాంటి ప్రశ్నకు కౌంటరు ముందు నిలబడ్డవాళ్లు ఏమంటారో చూసింది, మామ గొంతుతో పలికింది.

"సమ్మతమే. మీకు చాలా ధన్యవాదాలు."

మామ తల అడ్డంగా ఊపాడు, బల్ల చరిచాడు, పట్టీ లాగబోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకు చాలా సంతోషంగా ఉంది" అంది యంత్రం. పోయిన గొంతు తిరిగొచ్చిన మనిషి ఉద్వేగం అలాగే ఉంటుందని సంఘం అనుకుంది. అధ్యక్షుడు నీళ్ల గ్లాసు ముందుకు జరిపి, ఆవేశపడకండి పెద్దాయనా అన్నాడు. కోతుల మేడమ్ మాత్రం అతని మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. చూసింది, నోరు విప్పలేదు. మౌనం అర్ధాంగీకారమంటారు. ఆ గదిలో మాట రాని మనిషి మౌనాన్ని సగం అంగీకారంగా తీసుకున్నారు, మిగతా సగం యంత్రం పూరించింది.

బయట బెంచీ మీద భార్యకు తలుపు వెనక నుంచి ఆ మాట వినబడనే వినబడింది. అతను బయటికి రాగానే అడిగింది.

"ఒప్పుకున్నావా?"

మామ పట్టీ ఊడదీసి చేత్తో పట్టుకున్నాడు. "నేనెప్పుడన్నానే" అన్నాడు. అది ఆమెకు తప్ప ఎవరికీ వినబడలేదు.

వర్షాలు మొదలయ్యేలోపే మార్కెట్లో స్తంభానికి స్పీకరు బిగించారు. మామ గొంతు అరుగెక్కింది. "అయ్యా, దయచేసి ఇంకొక రూపాయి పెంచగలరా?" అని అడుగుతుంది. ఎవరూ పెంచరు, వాళ్లకు అది ధన్యవాదాలు చెబుతుంది. రైతులు ధర చూసుకుని నోరు మూసుకుని వెళ్తారు. మామ కాటా పక్కన బోర్లించిన బుట్ట మీద కూర్చుని వింటాడు. ఇంత మంచోడివి ఎప్పుడయ్యావు మామా అని ఒక హమాలీ వేళాకోళమాడితే, భార్య తూకపురాయి ఎత్తింది. ఆ కుర్రాడు మళ్లీ అటు రాలేదు.

ఫిర్యాదు మార్కెట్లో చదువొచ్చిన మేము కొందరం రాసిపెట్టాం. విచారణాధికారి ముందు భార్య నోట మామ మాట చెల్లదన్నారు. ఆమెకు ఇందులో స్వప్రయోజనం ఉందట. సరే, మామ పట్టీ కట్టుకున్నాడు. ఈసారి ముందు ఎవరూ ప్రశ్న అడగలేదు. ఊహకు ఆధారం లేక, యంత్రం కండరం చెప్పిందే చెప్పింది: "వద్దు." ఆ గదిలో ఉన్నవాళ్లందరూ విన్నారు.

ఉత్తర్వు వచ్చింది. మొదటి పేరాలో, వ్యక్తి స్వయంగా మౌఖికంగా సమ్మతి తెలిపినందున సమ్మతి చెల్లుతుందన్నారు. రెండో పేరాలో, పరికరం ఇంకా ప్రయోగదశలో ఉన్నందున దాని ద్వారా వెలువడిన అభ్యంతరాన్ని వాంగ్మూలంగా స్వీకరించలేమన్నారు. రెండు పేరాల కింద ఒకే సంతకం. అదే పట్టీ, అదే మెడ. అవునన్నప్పుడు అది అతని నోరు. కాదన్నప్పుడు అది పరికరం. న్యాయశాస్త్రంలో దీనికి పేరు పెట్టలేదు. మామూలు భాషలో దీన్ని దొంగతనమంటారు. ఆ ఉత్తర్వు మీద అప్పీలుకు అవకాశం లేదని మూడో పేరా.

ప్రయోగం ముగిసింది కాబట్టి పట్టీ అప్పగించమని కబురొచ్చింది. అప్పగించే రోజున చివరి ప్రశ్నలుంటాయి. ఏసీ నీళ్లు కారే ఆ గదిలోనే ఇంజనీరు ఒక్కడే ఉన్నాడు. ఈ పరిశోధనలో పాల్గొనడం ఎలా అనిపించిందని, తెర మీద గీతలు చూస్తూ అడిగాడు. మామ పట్టీ విప్పి బల్ల మీద పెట్టాడు. తర్వాత మాట్లాడాడు. చాలాసేపు మాట్లాడాడు. తెర మీద గీత బల్లపరుపుగా సాగింది.

"సిగ్నల్ రావట్లేదండీ," అన్నాడు ఇంజనీరు.

"నా గొంతు ఆ స్తంభం మీంచి దించమంటున్నాడు," అంది భార్య. "ఇంకా కొన్ని అంటున్నాడు. అవి మీ అమ్మ వింటే బాధపడుతుంది, నేను చెప్పను."

"అమ్మా, ఆయనే చెప్పాలి. మీరు చెప్తే నేను రాసుకోకూడదు."

"ఆయనే చెప్తున్నాడు. ఆ డబ్బా వదిలేసి ఇటు చూడు బాబూ."

కుర్రవాడు తలెత్తి చూశాడు. మామ ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు, మెల్లగా, ఒక్కొక్క మాటా విడదీసి, చెవిటివాడికి చెప్పినట్టు. ఇంజనీరు ఆ పెదవుల వైపు కాసేపు చూశాడు. అర్థమైందో లేదో అతనికే తెలియాలి. తర్వాత తెర వైపు తిరిగి, పాల్గొన్న వ్యక్తి జవాబు ఇవ్వలేదు అన్నచోట టిక్కు పెట్టాడు.