సైగోను కారుకు నేను చేసిన తర్జుమా

ఆ రోజుల్లో మా వైపు బి.ఏ. ప్యాసైనవాడికి తెలియని సంగతంటూ ఉండకూడదు. టెలిగ్రాం వస్తే వాడే చదవాలి, మందుసీసా మీద ఎన్ని చుక్కలు వెయ్యాలో వాడే చెప్పాలి, రేడియో గొంతు బొంగురుపోతే దానికీ వాడినే పిలవాలి. నేను ప్యాసైంది అత్తెసరు మార్కులతో. ఆ సంగతి విశ్వవిద్యాలయానికి, నాకు తప్ప మూడోవాడికి తెలియదు కాబట్టి, కొడవలూరుకు తూర్పుగా ఉన్న మా ఊళ్ళో నేనొక పండితుణ్ణి. నెల్లూరులో ఒక ప్లీడరు గారి దగ్గర గుమాస్తాగా చేరి, రెండు వేళ్ళతో టైపు కొట్టటం నేర్చుకున్నాక ఆ పాండిత్యానికి యంత్రబలం కూడా తోడైంది. యాభైల చివరి సంవత్సరాలవి. నాకు ఇరవై రెండేళ్ళు. "నాకు తెలియదు" అనే మాట ఆ వయసులో ఒక్కసారి కూడా నా నోట వచ్చినట్టు గుర్తులేదు.

మా అమ్మ తమ్ముడు ఒకాయన సైగోనులో ఒక కారైకాల్ సాయిబు బట్టలకొట్లో చాలా ఏళ్ళు మేనేజరుగా చేసినాడు. అందుకని ఊరంతా ఆయన్ని సైగోను మామ అనేవాళ్ళు. (ఆయనకు మేనల్లుళ్ళు కానివాళ్ళు కూడా.) మా అత్త కూడా ఆయనతోనే అక్కడ ఉండేది. ఒక ఏడు ఏదో పాడు జ్వరం వచ్చి, ఆమె ప్రాణం దక్కింది గానీ ఎడమ కాలు సత్తువ పోయింది. గోడ పట్టుకుని నాలుగడుగులు వెయ్యగలదు, అంతే. అప్పుడు మామ అక్కడే ఒక చిన్న ఫ్రెంచి కారు కొని, రోజూ సాయంత్రం ఆమెను నది ఒడ్డున తిప్పుకొచ్చేవాడట. ఇక ఊరికి వచ్చేద్దామని నిశ్చయించుకున్నప్పుడు ఆయన అమ్ముకోనిది ఆ కారొక్కటే. ముందు ఓడలో మనుషులు వచ్చినారు. వెనక ఓడలో కారు రావాలి.

తీరా వచ్చాక తెలిసింది, పరాయి దేశపు కారును మన దేశంలో దించటమంటే మూట దించుకున్నట్టు కాదని. అది తన పేరుతోనే ఉన్నట్టు రుజువు కావాలి. అక్కడ ఏడాదికి పైగా తనే వాడినట్టు రుజువు కావాలి. ఇక్కడికి తెచ్చి అమ్ముకోనని రాసివ్వాలి. ఇవన్నీ చూసి దిగుమతుల ఆఫీసువాళ్ళు అనుమతి ఇస్తేనే హార్బరులో కారును వదులుతారు. రుజువులన్నీ మామ దగ్గర రేకుపెట్టెలో భద్రంగా ఉన్నాయి. వచ్చిన చిక్కల్లా, అన్నీ ఫ్రెంచిలో ఉన్నాయి. వాటిని ఇంగ్లీషులోకి తర్జుమా చేసి పంపాలి.

"నువ్వు బి.ఏ. గదరా అబ్బయా, నీకు రాకుంటే ఇంకెవరికొస్తుంది?" అని మామ ఆ రేకుపెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టినాడు.

మామకు ఫ్రెంచి మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. ఇంగ్లీషు రెండూ రావు. నాకు ఫ్రెంచి చదవటమూ రాదు, మాట్లాడటమూ రాదు. ఆ సంగతి చెప్పటం అంతకన్నా రాదు. "రెండు రోజుల్లో అయిపోతుంది మామా" అన్నాను.

ప్లీడరు గారి బీరువాలో అడుగున ఒక ఫ్రెంచి నిఘంటువు ఉండేది. ఎప్పుడో ఏ దొరో వదిలేసిపోయినది. దాని మొదటి వంద పేజీలు చెదలు తినేసినాయి. ఏ, బీ, సీ అక్షరాలతో మొదలయ్యే ఫ్రెంచి భాష అంతా చెదల పాలైందన్నమాట. మిగిలిన అక్షరాలకు అర్థం చూసుకుంటూ, ఆ మూడింటికి మాత్రం ఇంగ్లీషులో దగ్గరగా వినిపించే మాట వేసుకుంటూ పోయినాను. కారు రిజిస్ట్రేషను కాగితం పైన పెద్ద అక్షరాలతో 'కార్త్ గ్రీజ్' అని ఉంది. కార్త్ సీ అక్షరం, కాబట్టి లేదు. కారే అయ్యుంటుంది, ఇంకేమవుతుంది? గ్రీజ్ మాత్రం దొరికింది: బూడిద రంగు. అంటే బూడిద రంగు కారు. దరఖాస్తులో 'వాహనం రంగు' అనే గడి ఒకటి ఖాళీగా నన్నే చూస్తోంది. ఎంత చక్కగా కలిసొచ్చిందని మురిసిపోయి, బూడిద రంగు అని టైపు కొట్టినాను. మామ ఊళ్ళో ఉన్నాడు, ఒక కార్డు ముక్క రాసి అడిగితే పోయేది. అడిగితే పండితుడెలా అవుతాడు? ఇంకా కింద 'కొందుయిత్ ఆంతేరియర్' అని ఒకటి ఉంది. కొందుయిత్ కూడా సీ అక్షరమే. కాండక్టుకు, అంటే నడవడికి, దగ్గరగా ఉంది. ఐ అక్షరంతో రాసే రెండో మాట మాత్రం దొరికింది: లోపలి. అందుకని 'లోపలి నడవడి' అని రాసినాను. ఫ్రెంచివాళ్ళు కారు నడవడి గురించి కూడా రాసుకుంటారా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది గానీ, నాగరికులు కదా, రాసుకుంటారేమోలే అనుకున్నాను.

ప్లీడరు గారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, "సరిగ్గానే ఉందా?" అన్నారు. "ఉందండీ" అన్నాను. ఆయన సంతకం చేసినారు. నెలన్నరకు అనుమతి కాగితం వచ్చేసింది! మామ నన్ను ట్రంకు రోడ్డు హోటల్లో కూర్చోబెట్టి మైసూరు పాకు తినిపించినాడు. ఆ మైసూరు పాకు నేను అంత నిశ్చింతగా తిని ఉండకూడదు.

ఓడ వచ్చిందని కబురందగానే ఇద్దరం మద్రాసు పోయినాం. హార్బరు షెడ్డులో ధాన్యపు బస్తాల మాదిరి పేర్చిన పెట్టెల మధ్య, గుండ్రటి వీపుతో, పిల్ల తాబేలంత ముద్దుగా కారు నిలబడి ఉంది. మీగడ రంగు. చూసీచూడగానే నేను మామ వెనక్కి జరిగినాను.

కస్టమ్స్ అధికారి తమిళాయన, మర్యాదస్తుడు. మాకోసం వచ్చీరాని తెలుగులో మాట్లాడుతున్నాడు. కాగితం చూసినాడు. కారు చూసినాడు. మళ్ళీ కాగితం చూసినాడు.

"ఇందులో బూడిద అని ఉందే?" అన్నాడు.

"ఓడలో వచ్చింది గదా సామీ, పడుంటది" అని మామ పైకండువా తీసి కారు మొహమంతా శుభ్రంగా తుడిచినాడు.

"అది కాదండీ. కారు రంగు బూడిద అని రాసినారు. ఇది వెళ్ళై... తెల్లగా ఉంది" అని తమిళం నుంచి తెలుగులోకి మళ్ళినాడు.

"మా కారు తెల్లదే గదా?"

"మీ కారు తెల్లదైతే బూడిద రంగు కారు ఎవరిది? అది సరే, ఈ 'లోపలి నడవడి' అంటే ఏమి?"

మామ నా వైపు చూసినాడు. నేను పైకప్పు రేకుల్లో గూడు పెట్టిన పావురాన్ని చూస్తున్నాను. అధికారి విసుక్కోలేదు. ఇంజను నంబరు సరిపోయింది గానీ తర్జుమాలో ఒకటి తప్పైతే మిగతాది ఎలా నమ్మడం, ఫ్రెంచి తెలిసినవాళ్ళ చేత మళ్ళీ రాయించి తెమ్మన్నాడు. రెండు నెలల్లోగా తేకపోతే కారు వేలానికి పోతుందని కూడా చెప్పినాడు.

తిరుగు రైలు గూడూరు దాటేదాకా మామ ఆ అధికారిని తిడుతూనే ఉన్నాడు. "కావాలని పెడతన్నాడురా పేచీ! మన కాగితాల్లో తప్పేంది?" అన్నాడు. "అవును మామా" అన్నాను. చూడండి, అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. పెట్టెలో జనం ఉన్నారని ఒక సాకు, ఆయన కోపంగా ఉన్నాడని ఒక సాకు. ఇంటికి పోయేసరికి అత్త వసారాలో కుర్చీ వేయించుకుని కూర్చుని ఉంది. మమ్మల్ని కాదు, మా వెనక ఉన్న దారిని చూసింది.

"ఏందబ్బయా, కారేదీ?"

"కొంచెం పేచీ వచ్చిందత్తా."

"ఎవరు పెట్టినారు?"

దానికి జవాబు నా దగ్గరుంది. కాళ్ళు కడుక్కునే నెపంతో దొడ్లోకి పోయినాను.

మామ ఆ తర్వాత మూడు వారాలు, ఎవరెవరికో అర్జీలు పెట్టుకుంటూ తిరిగినాడు. (ఆ అర్జీలు టైపు కొట్టింది కూడా నేనే. నా తప్పు మీద నేనే ఫిర్యాదులు రాసినాను, అదీ ఘాటైన ఇంగ్లీషులో.) పక్కింటి రెడ్డి ఒకాయన, "ఇంత ఆలోచనెందుకన్నా? ఒక డబ్బా రంగు కొనుక్కోని హార్బరుకు పో, బూడిద రంగు పూసెయ్. కాగితమూ కారూ ఒకటైపోతాయి" అని సలహా చెప్పినాడు. నాకా సలహా అమృతంలా వినిపించి "ఆలోచించు మామా" అన్నాను. మామకు ఎప్పుడూ రాని కోపం వచ్చింది. "నా కారు దొంగసరుకా, ముసుగెయ్యడానికి? ఉన్నదున్నట్టు చెప్పి తెచ్చుకుంటాం. లేకుంటే వాళ్ళకే వదిలేస్తాం" అన్నాడు. ఆదివారాలు నేను ఊరికి పోతే అత్త కారు గురించి అడగటం మానేసింది. ఆమె అడిగినంత కాలం ఏదో ఒకటి చెబుతూ వచ్చినాను. అడగకపోతే ఏం చెప్పాలో తెలియలేదు. పెద్ద వీధిలో పెళ్ళి జరుగుతుంటే ఎద్దులబండి కట్టిస్తామన్నారు. "ఆ కుదుపులకు తట్టుకోలేనులే, మీరు పొయ్యిరండి" అన్నది. మేళం ఇంట్లోకి వినపడుతూనే ఉంది.

చివరికి మామ పాత యజమానికి జాబు రాస్తే, పాండిచ్చేరిలో ఫ్రెంచి చెప్పే బడిపంతులమ్మగా చేసి మానుకున్న ఒక పెద్దావిడ చిరునామా పంపించినాడు. మామ నన్ను కూడా బయల్దేరమన్నాడు. రానంటే బాగుండదు, వస్తే అంతకన్నా బాగుండదు. పోయినాను. ఆవిడ మాకు నీళ్ళ మజ్జిగ ఇచ్చి, ఫ్రెంచి కాగితం ఒక చేత్తో, నా తర్జుమా ఒక చేత్తో పట్టుకుని చదవటం మొదలుపెట్టింది. మొదట పెదవులు కదిలినాయి. తర్వాత భుజాలు కదిలినాయి. ఆ తర్వాత కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వటం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఆగేదాకా మేమిద్దరం మజ్జిగ తాగుతూ కూర్చున్నాం.

"కార్త్ గ్రీజ్ అంటే బూడిద రంగు అట్ట" అని ఆవిడ తమిళంలో చెప్పింది. మామకు తమిళం బాగా వచ్చు, నాకు అర్థమయ్యేంత వచ్చు. "ఈ కాగితం రంగు అది. అక్కడ అన్ని కార్ల కాగితాలకూ అదే పేరు. కొందుయిత్ ఆంతేరియర్ అంటే పైకప్పు మూసి ఉన్న కారు అని. నడవడి కాదు. ఏ పిల్లవాడు రాసినాడు ఇది?"

మామ మెల్లగా తల తిప్పినాడు. ఈసారి చూడటానికి పావురం కూడా లేదు.

"నేనే మామా" అన్నాను. "ఫ్రెంచి రాదు నాకు. హార్బరులో కారు చూసినప్పుడే అర్థమైంది. చెప్పలేకపోయినాను."

మామ మజ్జిగ గ్లాసు కింద పెట్టినాడు. ఆవిడ కొత్త తర్జుమా రాసి సంతకం చేసిచ్చింది. బస్సు కోసం నిలబడ్డప్పుడు మామ, "మొదట్లోనే రాదని చెప్పుంటే ఏమయ్యేదిరా?" అన్నాడు. గొంతులో కోపం లేదు, అందుకే ఎక్కువ తగిలింది. "ఇన్ని వారాలు మీ అత్త ఇంట్లోనే ఉండిపోయింది గదా" అన్నాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. ఆయన అది చూసి మొహం పక్కకు తిప్పుకుని, "లోపలి నడవడి" అని గొణిగినాడు. మళ్ళీ ఒకసారి గొణిగినాడు. ఆ తర్వాత బస్టాండు జనమంతా తిరిగి చూసేటట్టు నవ్వినాడు.

మద్రాసులో మాత్రం నన్ను వదల్లేదు. "నువ్వే చెప్పు" అని అధికారి ముందుకు తోసినాడు. చెదలు తిన్న నిఘంటువుతో సహా అంతా చెప్పినాను. ఆయన శ్రద్ధగా విని, పక్క బల్లల వాళ్ళను కూడా పిలిచి, మళ్ళీ మొదటినుంచీ చెప్పమన్నాడు. చెప్పినాను. ఆ తర్వాత కొత్త కాగితం, కారు, నంబర్లు అన్నీ సరిచూసి, సంతకం పెడుతూ, "లోపలి నడవడి మంచిదని మీరు ముందే చెప్పినారు కాబట్టి వదిలేస్తున్నాను" అన్నాడు. షెడ్డు గొల్లుమంది. నేనూ నవ్వినాను. ఎన్నాళ్ళకో.

నెల్లూరు చేరాక ఇంకొక చిక్కు. ఆ కారుకు స్టీరింగు చక్రం ఎడమవైపు ఉంది. కుడివైపు తిరిగేటప్పుడు చెయ్యి చాపి చూపించేదెవరని మోటారు ఇనస్పెక్టరు అడిగినాడు. మామ, ఊరినుంచి వెంటబెట్టుకొచ్చి కుడివైపు సీట్లో కూర్చోబెట్టిన అత్తను చూపించినాడు. అత్త గాజులు గలగలమనేటట్టు కిటికీలోంచి నిండుగా చెయ్యి చాపి చూపించింది. ఇనస్పెక్టరు ఆమెకు నమస్కారం చేసి, మనిషి కాదు, యంత్రం ఉండాలి, చట్టం అట్లా ఉంది అన్నాడు. ఒక మెకానిక్కు చేత ఎర్ర దీపం బిగించుకుని మర్నాడు పోతే రిజిస్టరు చేసినాడు. దీపం ఎంత బాగా వెలిగినా అత్త మాత్రం చెయ్యి చాపటం మానలేదు. చూసి పక్కకు తప్పుకున్న బండివాళ్ళకు తల ఊపి మర్యాద కూడా చేసేది.

మొదటి ఆదివారం మైపాడు పోయినాం. ఇసుక మొదలయ్యే చోట మామ కారు ఆపినాడు. అక్కడి నుంచి నీళ్ళదాకా అత్త ఒక చెయ్యి మామ భుజం మీద, ఒక చెయ్యి నా భుజం మీద వేసి నడిచింది. నేను అనుకున్నదానికన్నా చాలా తేలికగా ఉంది. అల వచ్చి కాళ్ళు తడిపినప్పుడు ఉలిక్కిపడి, "అమ్మో, చల్లగుండాదే!" అని చిన్నపిల్ల మాదిరి నవ్వింది. పోదామా అంటే ఇంకొక అల, ఇంకొక అల అంటూ చీకటిపడే వేళదాకా నిలబెట్టింది. నా భుజం నొప్పిపుట్టింది. మామ ఒక్కసారి కూడా భుజం మార్చుకోలేదు. ఈ వయసులో ఈయనకెంత ఓపికరా అని ఆశ్చర్యపోయినాను.

అప్పటికి మామ వయసు నలభై ఏడు. ఇప్పుడు మా పెద్దవాడి వయసు అంతకంటే నాలుగేళ్ళు ఎక్కువ. నలభై ఏడేళ్ళవాణ్ణి పండు ముసలివాడి కింద జమకట్టిన ఆ బి.ఏ. కుర్రవాణ్ణి తలుచుకుంటే, వాడు తప్పు చదివింది ఫ్రెంచి ఒక్కటే కాదని తెలిసి, ఒంటరిగా కూర్చున్నప్పుడు కూడా నవ్వొస్తుంది.