సింహాల కుర్చీ కోసం సైకిలెక్కిన రోజు

పరువు పోగొట్టుకోవడానికి ఎవరికైనా ఒక్క చోటు చాలు. నేను మాత్రం నీళ్లలో కొంత, రోడ్డు మీద కొంత పోగొట్టుకుని, మిగిలింది బురదలో కలిపాను. అదీ ఒక్క పూటలో, ఒంటికి నంబరు తగిలించుకుని, జనం చప్పట్లు కొడుతుండగా. ఎలాగో చెబుతాను. నవ్వదలచుకున్నవాళ్లు మొహమాటపడకండి. ఆ రోజు కృష్ణ ఒడ్డున ఎవరూ మొహమాటపడలేదు.

ముందు మా కుర్చీ గురించి చెప్పాలి. మాది ఒకప్పుడు కంకిపాడు చుట్టుపక్కల పదకొండు ఊళ్ల జమీందారీ. ముత్తాతగారి హయాంలో ఏనుగు పోయింది. తాతగారి హయాంలో ఊళ్లు పోయాయి. మా నాన్నగారి కాలానికి పోవడానికి ఇంకేమీ మిగలక ఆయన ప్రశాంతంగా బతికారు. నా దాకా వచ్చినవి రెండే: వంగని వెన్నెముక, చేతుల దగ్గర సింహాలు చెక్కిన టేకు కుర్చీ. గవర్నరుపేటలో మేం అద్దెకున్న మూడు గదుల వాటాలో ఒక గదిని ఆ కుర్చీయే ఏలేది. దాన్ని దాటి వంటింట్లోకి వెళ్లాలంటే మా ఆవిడ పక్కకి తిరిగి నడవాల్సిందే. అందులో ఇంటి పెద్ద తప్ప మరొకరు కూర్చోకూడదు. పగలంతా ఆఫీసులో నేను మామూలు గుమాస్తానే. సాయంత్రం ఆరు దాటి ఆ కుర్చీలో కూర్చున్నానంటే, కరెంటు పోయినా నా దర్జా పోయేది కాదు.

మా బావమరిది ప్రసాదు ఉద్యోగరీత్యా మా ఇంట్లోనే ఉండేవాడు. పాతికేళ్లవాడు, నాలుకకి నరం లేనివాడు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక ఆదివారం పొద్దున్న పేపరు చదువుతూ అన్నాడు:

"బావగారూ, మన ఊళ్లో కొత్త పోటీ. ట్రయథ్లాన్ అట. కృష్ణలో ముప్పావు కిలోమీటరు ఈత, ఇరవై కిలోమీటర్లు సైకిలు, ఐదు కిలోమీటర్లు పరుగు. ఒకదాని వెంట ఒకటి, మధ్యలో కాఫీ కూడా ఇవ్వరట. మొత్తం రెండు గంటల్లో అయిపోవాలి."

"అదేమంత గొప్ప? మా తాతగారు కృష్ణని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఈదారు."

"తాతగారు ఈదారండీ. మీరేం చేశారు? కూర్చున్నారు."

"ప్రసాదూ!"

"పోనీ, మీరు ఈ పోటీ పూర్తి చేస్తే ఇక జన్మలో ఆ కుర్చీ వంక చూడను. చెయ్యలేకపోతే ఏడాది పాటు అందులో నేను కూర్చుంటా. మీరు నా స్టూలు మీద."

వంటింట్లోంచి మా ఆవిడ, "ఏమండీ, వాడి మాట పట్టుకుని..." అంటూ వచ్చేలోపే నేను సింహం తల మీద అరచెయ్యి వేసి "సరే" అనేశాను. ముప్పై ఆరేళ్ల వయసు, చిన్నప్పుడు కాలువల్లో నేర్చిన ఈత, ఆఫీసుకి నడిచి వెళ్లే అలవాటు. నా బలగం అంతే.

సైకిలు మా నాన్నగారిది. ఆటోనగర్‌లో లారీలు బాగుచేసే మస్తాన్ గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "దీన్ని సైకిలంటారా సార్? గేదె ఇంతకన్నా తేలిగ్గా ఉంటుంది" అన్నారు. వారం రోజుల్లో మడ్‌గార్డులు, క్యారియరు, స్టాండు, బెల్లు అన్నీ పీకేశారు. పాత సీటు తీసేసి, ఎక్కడిదో గొడ్డలి అంచులాంటి సన్నటి రేసు సీటు బిగించారు. ముందు వంకీ హ్యాండిలు పెట్టారు.

"గాలిలా పోతుంది సార్. ఒక్కటే మాట. రెండు చేతులూ ఒకేసారి వదిలారో, నేను గ్యారంటీ ఇవ్వను. ఒక చెయ్యి తీసినా ఫర్వాలేదు."

"రెండు చేతులూ వదలాల్సిన పనేముంది మస్తాన్ గారూ?" అన్నాను, ఎంతో తెలిసినవాడిలా.

ఉందండీ, పనుంది. మా ఇంట్లో ఒక నియమం ఉంది. ఎవరు దండం పెట్టినా, వాళ్లు కూలివాళ్లు కానీ కలెక్టరు కానీ, రెండు చేతులూ జోడించి తిరిగి పెట్టాలి. ఒంటి చేత్తో సరిపెట్టేవాళ్లకి దర్జా నిన్ననే వచ్చినట్టు లెక్క అని మా నాయనమ్మ తీర్పు. వయసులో చిన్నవాళ్లకి మాత్రం కుడిచెయ్యెత్తి దీవిస్తే చాలు. ఆస్తులన్నీ పోయినా ఈ నియమం పోలేదు. దాన్ని ఎవరూ జప్తు చెయ్యలేకపోయారు. ఆ సంగతి ప్రసాదుకి బాగా తెలుసు.

పోటీ రోజు పొద్దున్న ఆరింటికి కృష్ణ ఒడ్డున నిలబడ్డాను. నంబరు నలభై రెండు. చుట్టూ ఉన్నవాళ్లంతా సన్నగా, బెండకాయల్లా ఉన్నారు. నిర్వాహకుడు మైకులో చెప్పాడు: "నీళ్లలో ఇబ్బందైతే చెయ్యెత్తండి, పడవ వస్తుంది. పడవెక్కితే మాత్రం పోటీలోంచి తప్పుకున్నట్టే!"

విజిలు మోగింది. దూకాను. ఏం హుషారు! నది నిండా చేతులు, కాళ్లు, నురగ. సగం దూరం ఈదేసరికి తాతగారు ఒంట్లోకి వచ్చినట్టే ఉంది. అప్పుడు కాపలా పడవలోంచి ఒక ముసలి జాలరి వంగి చూసి, "నలభై రెండో నంబరు బాబుగారేనా? దండాలండీ!" అన్నాడు.

రెండు చేతులూ ఎత్తి జోడించాను. నీళ్లలో రెండు చేతులూ ఎత్తిన మనిషి వెళ్లే దిక్కు ఒక్కటే. వెళ్లాను.

"రెండు చేతులూ ఎత్తేశాడు! లాగండి!" అని పడవలో ఉన్న నిర్వాహకుడు అరుస్తుండగా పైకి తేలాను.

"లాగొద్దు!"

"మరి చేతులెందుకు ఎత్తారండీ?"

"దండం పెట్టాను!"

"ఎవరికి?"

"ఆ పడవాయనకి!"

"నాకా బాబూ!" అని జాలరి కరిగిపోయి మళ్లీ దండం పెట్టాడు. నేను మళ్లీ మునిగాను. రెండోసారి తేలేసరికి నిర్వాహకుడు అతని చేతులు పట్టుకుని, "నువ్వు చేతులు దించవయ్యా, ఆయన చచ్చిపోయేలా ఉన్నాడు!" అని బతిమాలుతున్నాడు.

"నేనెవరో నీకెలా తెలుసు?" అని రొప్పుతూ అడిగాను.

"నిన్న ప్రసాదుగారని ఒకరొచ్చి చెప్పారండి. తమరు పెద్ద వంశమనీ, దండం పెట్టకపోతే నొచ్చుకుంటారనీ."

ఇప్పుడు చెబితే మీరు నమ్మరు. ఆ నీళ్లలో నా కళ్లు చెమర్చాయి. ప్రసాదు మనసులో నా మీద ఇంత గౌరవముందా అనుకున్నాను.

ఒడ్డుకి చేరి, బనీను, బూట్లు తగిలించుకుని సైకిలెక్కాను. బందరు కాలువ కట్ట వెంబడి కంకిపాడు వైపు పది కిలోమీటర్లు వెళ్లి, వెనక్కి రావాలి. మస్తాన్ గారన్నట్టు అది గాలిలాగే పోయింది. పక్కన కాలువ, అవతల పచ్చటి వరి, ముందు నలుగురు బెండకాయలు. ఒకణ్ణి దాటాను! ఇంకొకణ్ణి దాటాను! నిటారుగా కూర్చునే దాటాను. వంగి తొక్కమని అందరూ చెప్పారు కానీ, మావాళ్లెవరూ హ్యాండిలుకి వంగిన దాఖలా లేదు.

ఎనిమిదో కిలోమీటరు దగ్గర ఒకప్పటి మా ఊరొకటి వస్తుంది. రోడ్డు పక్క తెల్ల చొక్కాలో యేసోబు నిలబడి ఉన్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి. వాళ్ల నాన్న మా తాతగారి దగ్గర పాలేరు. ఇప్పుడు ఆ రోడ్డు పక్క పొలం యేసోబుదే. చర్చికి బయల్దేరినవాడు నా కోసం ఆగాడట.

"బాబుగారూ, దండాలండీ!"

మస్తాన్ గారి మాట, మా నాయనమ్మ మాట ఒకేసారి గుర్తొచ్చాయి. నాయనమ్మే గెలిచింది. రెండు చేతులూ జోడించాను. సైకిలు ఎడమకి, నేను కుడికి. సైకిలు గట్టు మీద ఆగింది. నేను చేనికి నీళ్లు పెట్టే బోదెలో ఆగాను, నడుం లోతు బురదలో. అది ఒకప్పుడు మా బురదే.

"అయ్యో బాబూ, ఏమైందండీ?" అని మళ్లీ చేతులు జోడించాడు యేసోబు.

బురదలోంచే తిరిగి జోడించాను. పట్టుకున్న గడ్డి వదిలేయడంతో ఇంకో జానెడు దిగబడ్డాను.

యేసోబు నా చేతుల వంక, సైకిలు వంక, మళ్లీ నా వంక చూశాడు. "మా దండానికేనా బాబూ, ఇదంతా?"

"అంతే పెద్దాయనా. ఈ ఊరి మీదుగానే తిరిగి రావాలి. ఈ పోటీ పూర్తి కాకపోతే మా తాతగారి కుర్చీ పోతుంది."

"సింహాల కుర్చీయా!" అన్నాడాయన. చిన్నప్పుడు దాన్ని గుమ్మం బయటినుంచే చూశాడట. ఇంకేమీ అడక్కుండా నన్ను బయటికి లాగాడు. ఒక బూటు బోదెలోనే ఉండిపోయింది.

మలుపు తిరిగి వస్తుంటే దూరం నుంచే చూశాను. ఊరు ఊరంతా రోడ్డు పక్కన బారులు తీరి ఉంది. నాకంటే పెద్దవాళ్లే ఇరవై మంది ఉంటారు. ఒక్కొక్కరికీ దండం పెడితే ఇరవై సార్లు పడాలి. అయిపోయింది, స్టూలే గతి అనుకుంటూ దగ్గరికొచ్చాను.

ఒక్కరూ చెయ్యెత్తలేదు.

అందరూ చేతులు వెనక్కి కట్టుకుని, బడి పిల్లల్లా బిగుసుకుని నిలబడ్డారు. వరస మొదట్లో యేసోబు, "ఎవరూ చేతులు తియ్యొద్దు! బాబుగారు పడిపోతారు!" అని అరుస్తున్నాడు. ఒక ముసలమ్మ అలవాటుగా చేతులు ఎత్తబోతే పక్కావిడ గబుక్కున పట్టుకుంది. మా వాళ్లు ఏనుగు అంబారీ మీద ఊరేగినప్పుడు కూడా ఇంత మర్యాద జరిగి ఉండదు.

వరస చివర స్కూటరు పక్కన, పళ్లన్నీ బయటపెట్టి, చేతులు జోడించి ఒకే ఒక్కడు నిలబడ్డాడు. "బావగారూ, దండాలండీ!"

ప్రసాదు! నాకంటే ముందే వచ్చి ఊరందరికీ చాటింపు వేసింది వీడన్నమాట. నీళ్లలో చెమర్చిన నా కళ్లు అప్పుడు పూర్తిగా ఆరాయి. కానీ ఆ తెలివైనవాడు నియమంలో సగమే గుర్తుపెట్టుకున్నాడు. నాకంటే పదకొండేళ్లు చిన్నవాడు. ఎడమచెయ్యి హ్యాండిలు మీద గట్టిగా ఉంచి, కుడిచెయ్యెత్తి, "చిరంజీవ!" అని దీవిస్తూ సాగిపోయాను. వెనక ఊరంతా ఈలలు వేసింది.

పరుగు సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే నడకకీ దానికీ పెద్ద తేడా లేదు. ఒక బూటు, నిలువెల్లా ఎండిన బురద, నిటారైన వెన్ను. "ఎవరిదో విగ్రహం పరిగెడుతోందిరా!" అని ఎవరో అన్నారు. ముగింపు గీత దగ్గర మస్తాన్ గారు వాచీ చూస్తూ, "ఇంకో నిమిషం సార్! వంగండి, కాస్త వంగితే వేగం వస్తుంది!" అని గోల పెట్టారు. వంగలేదు. ఇరవై ఏడు సెకన్లు మిగిలుండగా దాటాను. నా వెనక ఒకే ఒక్కడున్నాడు. ఆయన దారిలో ఇడ్లీ తిని వచ్చాడట.

మెడలో పతకంతో ఇంటికొచ్చి, సింహాల మీద చేతులు ఆనించి, విజయగర్వంతో కుర్చీలో కూర్చున్నాను. అంతకంటే వేగంగా లేచాను. మస్తాన్ గారి గొడ్డలి సీటు చెయ్యాల్సిన పనంతా చేసి పెట్టింది. తొమ్మిది రోజులు నిలబడే భోంచేశాను. ఆఫీసులో నిలబడే ఫైళ్లు రాశాను. ఆఫీసరు దాన్ని క్రమశిక్షణ అనుకున్నాడు.

ఏడోరోజు సాయంత్రం ప్రసాదు కాఫీ గ్లాసుతో వచ్చి, "ఊరికే ఖాళీగా ఉంది కదా బావగారూ, ఒక్క ఐదు నిమిషాలు" అంటూ పందెం మరిచి కుర్చీలో సర్దుకున్నాడు. నేను గోడకి ఆనుకుని నిలబడి చూస్తున్నాను. సరిగ్గా అప్పుడే తలుపు తోసి యేసోబు గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో కడిగి ఆరబెట్టిన నా బూటు ఉంది. రావయ్యా అని లోపలికి పిలిచాను. కుర్చీని చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది. బూటు చంకలో పెట్టుకుని, అందులో ఎవరున్నారో కూడా చూడకుండా, దానికి రెండు చేతులూ జోడించాడు.

ప్రసాదు నా వంక చూశాడు.

"కుర్చీలో కూర్చున్నావు ప్రసాదూ," అన్నాను. "రెండు చేతులూ."

పొగలు కక్కే కాఫీ ఎక్కడ పడిందో చెప్పను. ఆ తర్వాత రెండు రోజులు ఇంట్లో ఇద్దరం నిలబడే భోంచేశామని మాత్రం చెబుతాను. యేసోబుని ఆ కుర్చీలో కూర్చోబెట్టి మా ఆవిడ కాఫీ ఇచ్చింది. నియమం మాటేమిటంటారా? ఆ గదిలో వయసుకి ఆయనే పెద్ద.

ఆ సాయంత్రమే ఘనంగా ప్రమాణం చేశాను: నాకు దండం పెట్టే మనిషి ఒక్కరున్నా సరే, ఆ దారిలో ఈ జన్మలో మళ్లీ సైకిలెక్కనని. మా వంశంలో ప్రమాణాలన్నీ ఆ కుర్చీలో కూర్చునే చేసేవాళ్లు. నేను మాత్రం సింహం తల మీద చెయ్యి వేసి, నిలబడే చేశాను.