దించని కందిలి

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. మా తమ్ముడు మల్లేశానికి దయ్యం పట్టిందని ఊరంతా నమ్మింది మాత్రం నా వల్లే. పదిహేనేళ్లు దాటింది. ఇప్పుడైనా ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మాది తాండూరు దగ్గర పల్లె. పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడాది జొన్నల పాతర తీశాం. భూమిలో ధాన్యం దాచే ఆ గోతికి మూత తీశాక ఒక రోజు అలాగే వదిలేయాలి. తర్వాత కందిలి వెలిగించి తాడుతో లోపలికి దించాలి. అది ఆరిపోతే లోపల గాలి చెడ్డదని అర్థం, మనిషి దిగకూడదు. ఆ రోజు జొన్నలు అమ్మడానికి తాండూరు గంజ్‌కు పోయే బండి వాకిట్లో తయారుగా ఉంది. కందిలి దించకుండానే తమ్ముణ్ణి దిగమన్నాను.

తాడుకు గంప కట్టి వదిలాను. "నిండిందా తమ్మీ?" అని కేకేశాను.

"జర ఆగు అన్నా, నింపుతున్న" అన్నాడు.

ఆగాను. మళ్లీ అడిగితే మళ్లీ అదే మాట. మూడోసారి జవాబు లేదు. తాడు లాగితే గంప ఖాళీగా వచ్చింది. తొంగి చూస్తే తమ్ముడు జొన్నల మీద బోర్లా పడి ఉన్నాడు. బండివాడు ఊపిరి బిగబట్టి దిగి, పైకి తెచ్చాడు.

వికారాబాద్ దవాఖానలో నాలుగో రోజు కళ్లు తెరిచాడు. మాట వచ్చింది. ఊరికే కూర్చుంటే బాగానే ఉండేవాడు. గిలాస అందుకోబోతే మాత్రం చెయ్యి ఎగిరిపడేది. తలుపు చప్పుడైతే ఒళ్లంతా అదిరేది.

"మెదడుకు గాలి అందక ఇట్లయింది. దీపం దించి చూసిన్రా?" అని డాక్టరు అడిగాడు. అమ్మ పక్కనే ఉంది. దించానని, బాగానే వెలిగిందని చెప్పాను.

ఆ ఒక్క అబద్ధంతో చెడ్డ గాలి కాస్తా ఊళ్లో దయ్యం గాలి సోకడమైంది. మంత్రగాడు చెవి దగ్గర డప్పు కొట్టించాడు. దెబ్బదెబ్బకూ తమ్ముడు ఎగిరిపడ్డాడు. అదే రుజువన్నారు. కల్లు తాగితే చెయ్యి కొంచెం నిలిచేది. "గాలికి గూడ కల్లు గావాల్నట" అని నవ్వారు. నేనూ నవ్వాను.

మొన్న తమ్ముడికి గటక తినిపిస్తూ అంతా చెప్పేశాను. కందిలి సంగతి విన్నాడు. "డప్పు కొడుతుంటే సూస్కుంట నిలవడ్డవ్ గదనే" అన్నాడు.

పాతరలోంచి అతని మాట విని ఆగానని కూడా చెప్పాను.

"దిగంగనే కండ్లు తిరిగినయ్. నేనేం పలుకలే. గిప్పుడు గూడ అబద్ధమెందుకే అన్నా?"

ఆ రోజు తమ్ముడు దిగాక వచ్చి నా పక్కనే నిలబడ్డ బండివాడు కూడా ఏమీ వినలేదన్నాడు. నేను విన్నాను. రెండుసార్లు విన్నాను. ఆ గొంతు ఆగమనకపోతే అప్పుడే తాడు లాగేవాణ్ణి. పలికిందెవరో నాకు తెలియదు.