సయీదా టీచర్ ఎడమ మూల

చల్లపల్లి బాలికల హైస్కూల్లో సోషల్ చెప్పే సయీదా ఎన్నడూ కబడ్డీ ఆడి ఎరగదు. 1997లో పీఈటీ బదిలీ అయి పోస్టు ఖాళీ పడితే, హెడ్‌మాస్టర్ కబడ్డీ జట్టును తెచ్చి ఆమె మీద పెట్టారు. అప్పటికి వరసగా మూడేళ్లు ఉయ్యూరు జట్టు చేతిలో ఓడిన పిల్లలు వాళ్లు.

ఉయ్యూరు బలమంతా చౌడేశ్వరమ్మ అనే పొడుగాటి అమ్మాయి. ఆమె కూతకొస్తే ఇద్దరో ముగ్గురో ఔటవ్వాల్సిందే. ఆమె ఆడిన రెండు ఆటలు సయీదా గట్టున కూర్చుని చూసింది. చౌడేశ్వరమ్మ ప్రతిసారీ తన కుడిచేతి వైపుకే దూకుతోంది. అంటే ఎదుటి జట్టుకు అది ఎడమ మూల. అన్ని జట్లూ గట్టివాళ్లను కుడి మూలన నిలబెట్టి, బలహీనుల్ని ఎడమన వదిలేస్తున్నాయి.

సయీదాకు ఎపమినోండాస్ గుర్తొచ్చాడు. ఆటోనగర్‌లో లారీ కమాన్లు బాగుచేసే తండ్రి బడే మియా, పాత పేపర్ల కొట్లో అట్ట లేని చరిత్ర పుస్తకం కొనిస్తే, పదో తరగతిలో దాన్ని నాలుగుసార్లు చదివింది. గ్రీకుల యుద్ధాల్లో ఎవరైనా మేటి వీరులను కుడి పక్కనే నిలిపేవారు. థీబ్స్ సేనాని ఎపమినోండాస్ ఆ ఆచారాన్ని తిరగేశాడు. ల్యూక్ట్రా మైదానంలో తన ఎడమ పక్కన యాభై వరసల లోతున సైన్యాన్ని పేర్చి, స్పార్టా మేటి వీరుల మీదికే నేరుగా నడిపించాడు. కుడి పక్కన ఉన్న కొద్దిమందినీ ఏటవాలుగా వెనక్కి ఉంచాడు. స్పార్టా రాజు అక్కడే కూలిపోయాడు.

మర్నాడు ఆ వ్యూహాన్ని బోర్డు మీద గీసి, ముగ్గురు గట్టి పిల్లల్నీ ఎడమ మూలకే కేటాయించింది. నేతపని వాళ్ల ఇంటి పిల్ల, కెప్టెన్ రేణుక ఒప్పుకోలేదు.

"మరి కుడి పక్క ఖాళీ అయిపోద్ది కదండీ?"

"అవనీ అమ్మా. ఆ నలుగురూ గెలవక్కర్లా. దొరక్కుండా ఉంటే చాలు."

నెల రోజులు అదే సాధన.

పోటీ రోజు చౌడేశ్వరమ్మ మొదటి కూతకే అలవాటుగా ఎడమ మూలకు దూకింది. రేణుక మడమ పట్టింది, మిగతా ఇద్దరూ నడుము మీద పడ్డారు. ఆమె గీత చేరలేదు. మళ్లీ ఆటలోకొచ్చాక ఈసారి చల్లపల్లి వాళ్ల కుడి మూలకు వెళ్లింది. అక్కడి నలుగురూ చివరి గీత దాకా వెనక్కి జరిగారు. వాళ్ల కోసం లోపలికి వచ్చేసరికి, వెనక నుంచి రేణుక వాళ్లు దారి మూసేశారు. ఆ తర్వాత ఉయ్యూరు జట్టు కోలుకోలేదు. పధ్నాలుగు పాయింట్ల తేడాతో చల్లపల్లి గెలిచింది. పిల్లలు టీచర్ని భుజాల మీదికెత్తితే, ఆమె ఒక చేత్తో చెప్పులు పట్టుకుని మరో చేత్తో కళ్లు తుడుచుకుంది.

ఉయ్యూరు పీఈటీ పాండురంగయ్య గారు దగ్గరికొచ్చి ఈ ఎత్తు ఎవరు నేర్పారని అడిగారు. సయీదా ఎపమినోండాస్ పేరు చెప్పింది.

"ఆయన ఏ జిల్లాలో చేస్తున్నారండీ?" అన్నారాయన.

సయీదా నవ్వి, ల్యూక్ట్రా కథంతా చెప్పింది. దాచుకోలేదు.

నాలుగేళ్లు తిరిగేసరికి చుట్టుపక్కల జట్లన్నీ ఎడమ మూలను బలపరిచాయి. కూతకెళ్లే పిల్లలు ఎడమను తప్పించుకుని కుడికి దూకడం నేర్చుకున్నారు. ఆ సంగతి కనిపెట్టి, 2001 పోటీల్లో సయీదా తన ముగ్గురినీ చడీచప్పుడు లేకుండా కుడికి మార్చింది. ఆ ఏడు షీల్డు కూడా చల్లపల్లికే వచ్చింది.