పరంజా మీదే

మా ఆఫీసులో ఆయన పేరు కత్తెర. ఎదురుగా సార్ అనేవాళ్ళం, అటు తిరగ్గానే కత్తెర అనేవాళ్ళం. మా కంపెనీ భవనాలు కడుతుందని బోర్డు మీద ఉంటుంది గానీ, నిజానికి కట్టేది మేం కాదు. ప్లాస్టరింగ్ ఒకడికి, పైపులు ఇంకొకడికి, రంగులు మరొకడికి అప్పగిస్తాం. ఆ పనులకి మేస్త్రీలు పంపే కొటేషన్లు పక్కపక్కన పెట్టి, ఎవరిది చవకో తేల్చి, ఆ చవకైనవాణ్ణే పిలిచి ఇంకాస్త కోయడం ఆయన ఉద్యోగం. పక్క టేబుల్ దగ్గర కూర్చుని బిల్లులు చూడటం నా ఉద్యోగం. అందుకని ఆయన కోతలన్నీ నా కళ్ళముందే జరిగాయి.

ఆయనదొక పద్ధతి. మేస్త్రిని రమ్మని చెప్పి, వచ్చాక గుమ్మం పక్క కుర్చీలో గంటసేపు కూర్చోబెట్టేవాడు. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి. కూర్చున్నవాడు అటు ఒరిగి, ఇటు ఒరిగి, నిలదొక్కుకోలేక నానా అవస్థా పడేవాడు. దాన్ని బాగు చేయిస్తానని ఒకసారి నేనంటే, "అది బాగానే పని చేస్తోందమ్మా" అన్నాడు. ఆ తర్వాత మేస్త్రిని లోపలికి పిలిచి, టీ ఇప్పించి, ఒక కాగితం బోర్లా పెట్టి దాని మీద వేలితో తట్టేవాడు. అది పోటీవాడి కొటేషన్ అనుకుని ఎదుటివాడి గుండె జారిపోయేది. అడక్కుండానే రేటు తగ్గించేవాడు. చాలాసార్లు అది ఉత్త తెల్లకాగితం. మేస్త్రి మెట్లు దిగాక ఆ కాగితం నాకు తిప్పి చూపించి నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని.

ఇంట్లో మాత్రం ఆ కత్తెరకి పదును లేదు. భార్యకి ఒక్కడే తమ్ముడు. తల్లి చిన్నప్పుడే పోతే ఆవిడే చంకనేసుకుని పెంచింది. వాడు ప్లాస్టరింగ్ మేస్త్రి. "ఊళ్ళో వాళ్ళందరికీ పని పంచిపెడతారు, మీ కళ్ళకి నా తమ్ముడొక్కడే ఆనడా?" అని ఆవిడ రోజూ అడిగేదట. ఈయన కంచంలోకి చూస్తూ అన్నం కలిపేవాడట. ఇవన్నీ ఆయనే నాతో చెప్పుకునేవాడు. చెప్పుకోడానికి ఆయనకి ఇంకెవరున్నారు కనక!

బావమరిది నవ్వులాట మనిషి. ఆఫీసుకొస్తే తిన్నగా వెళ్ళి ఆ పొట్టికాలు కుర్చీలోనే కూర్చుని, కావాలని ఊగేవాడు. "బావా, మీ ఆఫీసులో నాకు ఊయల కూడా వేయించారే!" అనేవాడు. కత్తెర ముఖం మాడ్చుకునేవాడు. వాడి దగ్గర ఆయన తెల్లకాగితాలు పారేవి కావు.

యజమానిగారి కోడలు ఆఫీసు బాధ్యత తీసుకున్నాక ఏఐ వచ్చింది. దానికోసం ప్రత్యేకంగా కొత్త కంప్యూటరు, కొత్త టేబులు. అందరూ దాని చుట్టూ తిరుగుతుంటే చూడలేక నేనే దానికి కొత్తల్లుడని పేరు పెట్టాను. పేరు నిలిచిపోయింది. ఎంత ఏడుపుగొట్టు చేతిరాతైనా, ఫోన్లో తీసిన మసక ఫొటో అయినా అల్లుడు చదివేసేవాడు. ఎవరి రేటులో ఏది కలిసుందో, ఏది కలవలేదో విడదీసేవాడు. కలవనిదాని ఖర్చు తనే కలిపి, అందర్నీ ఒక్క మట్టానికి తెచ్చి, చవకైనవాడు ముందుండేలా వరసలో నిలబెట్టేవాడు. కత్తెర వారం పాటు చేసే పని టీ చల్లారేలోగా అయిపోయేది. ఆయనకిక మిగిలింది ఒక్కటే. అల్లుడికి ఏ మాట దగ్గరైనా అనుమానమొస్తే ఆగి అడుగుతాడు. ఈయన జవాబు నొక్కాలి. ఆ అనుమానాల మీదే ఈయన ఉద్యోగం నిలబడి ఉంది.

ఆరంతస్తుల భవనానికి బయటి గోడల ప్లాస్టరింగ్ పని వచ్చింది. బావమరిదీ కొటేషన్ పంపాడు. రేటు రాసి, చివర ఒక ముక్క రాశాడు: "బయటి గోడలు, పరంజా మీదే."

మా పనిలో ఆ ముక్కకి అర్థం తెలియనివాడు లేడు. గోడ పక్కన మనుషులు ఎక్కి నిలబడటానికి కట్టే కర్రలు, పలకలు, అంటే పరంజా, అది మీరే తెచ్చివ్వాలి, మాది కాదు అని. మిగతా మేస్త్రీలు ‘పరంజా కంపెనీ ఇవ్వాలి’ అని తిన్నగా రాశారు. వీడు నోటితో అన్నట్టే కాగితం మీదా పెట్టాడు. అల్లుడు ఆగాడు. తెర మీద ప్రశ్న వచ్చింది: ‘పరంజా మీదే’ అంటే పరంజా కంపెనీ ఇవ్వాలనా, లేక పరంజా మీద నిలబడి చేసే పనంతా ఈ రేటులోనే ఉందనా? కింద నొక్కడానికి రెండు గళ్ళు.

"పాపం, అల్లుడికి తెలుగు అంతంతమాత్రం సార్" అన్నాను.

ఆయన నవ్వలేదు. మొదటి గడి నొక్కితే బావమరిది రేటుకి పరంజా ఖర్చు కలుస్తుంది, వాడు నాలుగోవాడవుతాడు. రెండోది నొక్కితే వాడే మొదటివాడు. ఆయన రెండోది నొక్కాడు. నొక్కి, నా వైపు తిరిగి, "గోడౌన్లో పాత పరంజా పడుంది కదమ్మా. పని మొదలయ్యాక నేను సర్దేస్తాలే" అన్నాడు. నేను బిల్లుల్లోకి తల దూర్చాను. మన కొంప కాదు కదా.

పని బావమరిదికి వచ్చింది. ఆ నెలంతా కత్తెరకి ఇంట్లో రాజభోగం. ఇక్కడ అల్లుడు తన పని తాను చేసుకుపోయాడు. పరంజా మేస్త్రి రేటులోనే ఉంది కాబట్టి ఈ భవనానికి కంపెనీ పరంజా అక్కర్లేదని కోడలుగారికి చెప్పాడు. ఆవిడ గోడౌన్ ఖాళీ చేయించి ఆ సరంజామా అంతా ఇంకో సైటుకి పంపించేసింది. ఆ సంగతి కత్తెరకి తెలిసేసరికి లారీ వెళ్ళిపోయింది.

పని మొదలుపెట్టే రోజు బావమరిది ఆఫీసుకొచ్చాడు. కోడలుగారు కత్తెరని కూడా గదిలోకి పిలిచింది. తలుపు తీసే ఉంది.

"పరంజా ఎప్పుడిస్తారమ్మా? మనుషులు ఊరికే కూర్చున్నారు" అన్నాడు వాడు.

"పరంజా మీ రేటులోనే ఉందిగా."

"లేదమ్మా. రాశాను కదా, పరంజా మీదే అని."

"అదే నేనూ అంటున్నా. పరంజా మీదే చేస్తానని రాశారు."

వాడు అది హాస్యమనుకుని నవ్వాడు. "మీదే అంటే మీది అమ్మా. కంపెనీది. బావా, మీరు చెప్పండి."

కోడలుగారు కత్తెర వైపు తిరిగింది. "దీనికి జవాబు నొక్కింది మీరే. పొరపాటున నొక్కారా? అయితే ఇప్పుడే చెప్పండి. పని ఆపేసి మళ్ళీ కొటేషన్లు పిలుద్దాం. మీ సంగతి ఆ తర్వాత చూద్దాం."

ఇన్నాళ్ళూ అందర్నీ కోసిన కత్తెర అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు.

"పొరపాటేం లేదమ్మా. ఆయన రాసినదానికి అర్థం అదే" అన్నాడు.

"అయితే ఇంకేం. తమ్ముడు తమ్ముడే, పేకాట పేకాటే. చేస్తే చేయండి, లేకపోతే ఈ కంపెనీలో మళ్ళీ కొటేషన్ వేయకండి" అందావిడ వాడితో.

వాడు బయటికొచ్చి ఆ పొట్టికాలు కుర్చీలో కాసేపు కూర్చున్నాడు. ఊగలేదు. వెనకే వచ్చిన కత్తెరని ఒక్కటే అడిగాడు: "అక్కకి తెలుసా బావా?"

"ఆవిడకి ఇవన్నీ ఎందుకురా" అన్నాడు కత్తెర.

వాడు పని వదిలేసి పోవచ్చు. కానీ మనుషుల్ని వేరేచోట్ల పనులు మాన్పించి తెచ్చాడు, వాళ్ళని వెనక్కి పొమ్మనడానికి మొహం చెల్లలేదు. తెలిసినవాళ్ళనల్లా అడిగి పాత కర్రలు, పాత తాళ్ళు పోగేసి పరంజా కట్టాడు. నాలుగో అంతస్తు దాటాక పనివాళ్ళు ‘మేం ఎక్కం’ అన్నారు. "మీరొద్దులే, పైన నేను చూసుకుంటా" అని తనే ఎక్కాడు. పట్టపగలు, అందరూ చూస్తుండగా ఒక ముడి జారింది. ప్రాణం పోలేదు. నడుం కిందంతా చచ్చుబడిపోయింది.

పరంజా ఎవరిదైతే ప్రమాదానికి బాధ్యత వాళ్ళదేనని ఒప్పంద పత్రంలో ఉంది. పరంజా మేస్త్రిదేనని కత్తెర నొక్కిన గడి చెప్పింది. కంపెనీ చేతులు దులుపుకుంది. ఆ కాగితాలు నా టేబుల్ మీదుగానే వెళ్ళాయి. చదివి పైకి పంపేశాను.

కోడలుగారు తెలివైన మనిషి. ‘మీదే’ అంటే ఏమిటో, మేస్త్రీలు వాడే అలాంటి మాటలన్నిటికీ అర్థాలేమిటో కత్తెర చేతే అల్లుడికి నేర్పించింది. ఆయన బుద్ధిగా కూర్చుని ఒక్కొక్కటీ నేర్పాడు. నేర్చుకున్నాక అల్లుడికి అనుమానాలు రావడం మానేశాయి. అనుమానాలే లేకపోతే జవాబులకి మనిషెందుకు? ఆ మాట చెప్పడానికి ఆవిడ పిలిచిన రోజు, కత్తెర గది బయట ఆ పొట్టికాలు కుర్చీలోనే గంటసేపు కూర్చున్నాడు. అటు ఒరిగాడు, ఇటు ఒరిగాడు. నాకు జాలి వేయలేదు. వేసిందని అబద్ధం చెప్పను.

ఆయన టేబుల్లో ఉండిపోయిన కళ్ళజోడు, టీ కప్పు ఇద్దామని ఒక ఉదయం వాళ్ళింటికి వెళ్ళాను. ముందు గదిలో మంచం, మంచం మీద బావమరిది. కత్తెర భార్య ఇప్పుడొక బట్టల దుకాణంలో పనికి వెళ్తోంది. జడ వేసుకుంటూ నాతో అంది, "ఆ దిక్కుమాలిన మిషన్ చేతులు పడిపోను! మా తమ్ముడు రాసింది ఒకటైతే అది చదివింది ఇంకోటట. ఈయన ఎంత చెప్పినా మీ కోడలుగారు వినలేదట."

నేను కత్తెర వైపు చూశాను. కత్తెర నేల చూశాడు. మంచం మీదివాడు మా ఇద్దర్నీ చూశాడు.

స్నానాల గదికి తీసుకెళ్ళే వేళయింది. కత్తెర మంచం దగ్గరికి వెళ్ళాడు. వాడు చిన్నపిల్లాడిలా రెండు చేతులూ పైకి చాచి నవ్వాడు.

"రండి బావా. పరంజా మీదే కదా!"

"రోజూ ఇదే మాట. ఇంత జరిగినా వీడికి నవ్వులాట పోలేదు చూడండి" అని ఆవిడ నాతో అని, తనూ నవ్వింది.

కత్తెర వంగి మెడ అందించాడు.