గురువారం ఒంటిగంట ప్రోగ్రాం

మా కాలేజీ రేడియో నారాయణగూడలో, పై అంతస్తులో ఒక పాత ల్యాబు గదిలో ఉండేది. నడిపేది విద్యార్థులమే. అది చిక్కడపల్లి, అశోక్ నగర్ దాటి పెద్దగా వినిపించేది కాదు. అడిక్‌మెట్‌లో నేనూ నాయినా ఇద్దరమే ఉండే బస్తీ ఇంటికి అసలే అందేది కాదు.

అక్కడ రెండు కట్టుబాట్లు. మైకు ముందు ఎవరూ పేరు చెప్పుకోకూడదు. అంతకుముందు ఒక అక్క చెప్పుకుందని అశోక్ నగర్ హాస్టళ్ల కుర్రాళ్లు కాలేజీ గేటు దగ్గర కాపు కాశారట. రెండోది, ఇంటి యాస గది బయటే వదిలి రావాలి. నాదేమో పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీ ఇంటి మాట, పైగా గట్టి గొంతు. మా సీనియర్ అక్క నన్ను కూర్చోబెట్టి సానపట్టింది. "కాస్త మెల్లగా, నవ్వుతూ మాట్లాడు. ఇదేమైనా పొలం గట్టా?" అనేది. ఒళ్లు మండేది. అయినా పట్టుబట్టి నేర్చుకున్నాను. చివరికి మైకు ముందు నా గొంతు నాకే ఎవరిదో అనిపించేది.

గురువారం ఒంటిగంట ప్రోగ్రాం నాకిచ్చారు. సరిగ్గా అప్పుడే నాయినకు అశోక్ నగర్‌లో ఒక అపార్ట్‌మెంటు పని దొరికింది. నా సంబరానికి పట్టపగ్గాల్లేవు. ఆయన చిన్న ఫోన్‌లో మా రేడియో వచ్చేలా పెట్టి ఇచ్చాను.

"నాయినా, గురువారం బువ్వ తినేటప్పుడు పెట్టుకో. నేను మాట్లాడ్త."

"ఇనకుంట ఎట్లుంట బిడ్డా!"

ఆ గురువారం సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాడు, చాయ్ తాగాడు, నా ముఖం ఒకసారి చూసి అటు తిరిగి పడుకున్నాడు. ఒక్క ముక్క మాట్లాడలేదు. పై వారమూ అంతే, ఆ తర్వాతా అంతే. కాలేజీలో లెక్చరర్లు పిలిచి మరీ మెచ్చుకుంటుంటే కన్నతండ్రికి వినే తీరిక లేదా అని నాకు రోషం. ఆయన అనకపోతే నేనెందుకడగాలని మూతి ముడుచుకున్నాను. నెలలు గడిచాయి.

వానాకాలం చివర నాయినకు జ్వరమొచ్చింది. మాత్రలతో సరిపెట్టుకుని పనికి పోయాడు. ఆసుపత్రికి తీసుకుపోయేసరికే చేయి దాటిపోయింది.

పదో రోజున, ఆయనతో పాటు ఆ బిల్డింగు పనిలో ఉన్న ఒక పెద్దమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది.

"మీ నాయినకు ఆ రేడియో అంటే పాణం బిడ్డా. గురువారమొస్తే బువ్వ ముంగట పెట్టుకొని ఎవల్నీ సప్పుడు చెయ్యనిచ్చెటోడు కాదు."

"మరి నాతోని ఒక్కనాడు గూడ అనలేదేంది పెద్దమ్మా?"

"ఏమంటడు? ఎవరో పెద్దింటి పిల్ల మాట్లాడి పోయేది. పేరు గూడ చెప్పకపోయేది. అయిపోయేదాంక ఇని, 'మా బిడ్డకు ఈ వారం గూడ వంతు ఇయ్యలే' అని ఫోను బంద్ చేసెటోడు. ఇంట్ల అడగొచ్చు గద అంటే, 'ఒద్దు, పిల్ల మనసు నొచ్చుకుంటది' అనెటోడు."

ఆ పిల్ల నేనేనని చెప్పబోయాను. ఈలోపే పెద్దమ్మ నా వీపు నిమురుతూ చెప్పుకుపోయింది.

"'ఈ పిల్ల మంచిగనే మాట్లాడ్తది గని, మా బిడ్డ వచ్చినంక సూడుండ్రి' అనెటోడు."