పాపాయమ్మ గారు అడిగిన మాట

ద్రాక్షారామం దగ్గర పల్లెలో పాపాయమ్మ గారిది పెట్టే చెయ్యి. గుమ్మంలోకొచ్చిన మనిషికి లేదని చెప్పి ఎరగరు. అలాంటావిడ చేత కూడా లేదనిపించింది ఆ దిక్కుమాలిన యుద్ధం.

అది పందొమ్మిది వందల నలభై మూడు. బర్మా బియ్యం రావడం ఆగిపోయింది. ఇక్కడ పండిన గింజకి సర్కారు లెక్కలడుగుతోంది, దాచారని తెలిస్తే జైలే. ఆవిడ భర్త జోగేశ్వరరావు గారు ఏడాది తిండికి సరిపడా బియ్యం పశువుల పాకలో గడ్డి కింద దాచారు. ఇంక ఆవిడకి కంటి మీద కునుకుంటే ఒట్టు.

సరిగ్గా అప్పుడే కాలవగట్టు మీద పెంకుటింట్లో ఒక తెల్ల డాక్టరూ భార్యా దిగారు. యూదులంట అన్నారెవరో. వీధి చివరికెళ్ళేసరికి అది యుద్ధపోళ్ళంట అయి కూర్చుంది. ఇంకేముంది, బియ్యం వాసన పట్టడానికొచ్చిన సర్కారు దొరలే వీళ్ళని ఊరు తేల్చేసింది. వాళ్ళు కొట్లో బియ్యం అడిగితే నిండుకున్నాయన్నారు. పాలు పోసేవాళ్ళూ మానేశారు.

ఒక మధ్యాహ్నం ఆ దొరసాని ఖాళీ గిన్నెతో పాపాయమ్మ గారి గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, బియ్యం" అంది, వచ్చీరాని తెలుగులో.

మనిషి చిక్కి సగమైంది. చూస్తే జాలేసింది. కానీ ఆ చూపు పాకవైపు పోయినట్టనిపించి పాపాయమ్మ గారు గుమ్మానికి అడ్డంగా జరిగారు. తేల్చుకుందామని అడిగేశారు.

"యుద్ధమా?"

దొరసాని మొహం పాలిపోయింది. వెనక్కి జరిగింది. అయినా అవునని తలూపింది.

"బియ్యం లేవమ్మా" అని పాపాయమ్మ గారు తలుపేసేశారు.

సాయంత్రం, డాక్టరు దగ్గర మందులు కట్టే అప్పారావు మజ్జిగకొస్తే, యుద్ధమా అని అడిగితే ఆ మనిషే తలూపి ఒప్పుకుందని పాపాయమ్మ గారు చెప్పారు. అతను తల పట్టుకున్నాడు.

"యుద్ధం కాదండీ అమ్మగారూ, యూదులు. అదొక మతమండి. వాళ్ళ భాషలో 'యూదె' అంటారు. వాళ్ళ దేశంలో ఆ మాట అడిగి, అవునన్నవాళ్ళ కొంపలు లాక్కుని తరిమేశారండి. మీరూ అదే అడిగారనుకుని ఉంటుంది."

పాపాయమ్మ గారు మజ్జిగ చెంబు అక్కడే పెట్టేశారు. తిన్నగా పాకలోకెళ్ళి తట్ట నిండా బియ్యం ఎత్తారు.

"ఊరంతా చూస్తుందే" అన్నారు జోగేశ్వరరావు గారు.

"చూడనివ్వండి."

తట్ట మీద గుడ్డయినా కప్పకుండా కాలవగట్టెక్కారు. అరుగుల మీదవాళ్ళు లేచి నిలబడి చూశారు. పెంకుటింట్లో డాక్టరు పెట్టెకి తాడు బిగిస్తున్నాడు. దొరసాని దుప్పట్లు మూట కడుతోంది. పొమ్మనకముందే పోదామని సర్దుకుంటున్నారు పాపం.

పాపాయమ్మ గారు తట్ట దింపి గడపకడ్డంగా కూర్చున్నారు. దొరసాని బియ్యం ముట్టుకోలేదు. గుండెల మీద చెయ్యేసుకుని, ఈసారి నోటితోనే చెప్పింది.

"యూదె."

"తెలుసమ్మా. ఎసరు పెట్టు."